మూడంగుళాల వెలుతురు

నయీంనగర్‌ల జిరాక్స్ షాపు మీది గది.
బల్ల మీద ప్లైవుడ్, ప్లైవుడ్ మీద థర్మాకోల్ గుట్టలు,
బొగ్గుపొడి అద్దిన సొరంగం.
ఆదివారాలు మేమిక్కడ యుద్ధాలు చేస్తం.
సైనికులు బొటనవేలంత,
కొలిచే టేపు మా అమ్మ కుట్టుమిషినుది.

ఈసారి నల్లదీపాన్ని దించుతా అన్న.
తిరుమలేష్‌కు తెల్వదు, వాడు పుట్టకముందే
ఆ వారపత్రిక మూతబడ్డది.
వారానికి రెండు పేజీలు, పద్నాలుగు వారాలు.
గోదావరిఖనిల కప్పు కూలితె
చావకుండ లేచొచ్చిన టోపీదీపం మనిషి.
చాయ్ హోటల్ల బల్లల కింద ఏరుకొచ్చి
అన్నం మెతుకులతోటి అతికించుకున్న.
పదిహేనో వారం రాలే.

బొమ్మల కథల వీరుడికి లెక్కలుండయ్.
ఒక గడిల గోదారి ఒడ్డు, పక్క గడిల రామగుండం పొగగొట్టం,
నడుమ తెల్లగీత ఎంత దూరమో ఎవరడుగుతరు?
బల్ల అడుగుతది.
ఎన్నంగుళాలు నడుస్తడు, ఎన్ని దెబ్బలకు పడతడు,
పాచిక మీద ఎంత పడితె కప్పు ఆగుతది?

నోటుబుక్కుల రాసుకున్న:
నడక ఐదు. బలం తొమ్మిది.
వెలుతురు ఎనిమిదంగుళాలు, అందులున్నోళ్లు చావరు.
కప్పు మోస్తున్నంతసేపు నడక సున్న.
ఎవరితోటి మాట్లాడడు...
దీనికి ఏ అంకె వెయ్యాల్నో తోచక
చాయ్ చల్లారేదాక కూసున్న.
మొత్తం ధర నూట నలభై.
"గంత పిరమా?" అన్నడు తిరుమలేష్.
వాని దండు మొత్తం కలిపితె రెండొందలు.

నిర్మల్‌ల ఓదెలు పొనికికట్టె ముక్క తిప్పి చూసి
"ఏ దేవుడమ్మా?" అన్నడు.
దేవుడు కాదు, గనిల పని జేసేటోడు.
"మరి కాళ్ల కింద పీఠమెందుకు?"
పడిపోకుంట.
నవ్విండు. చింతగింజల ముద్దతోటి చేతులతికి
పైకెత్తి పెట్టిండు, కప్పు లేకున్నా మోస్తున్నట్టే.
పొనికి మరీ తేలిక. ఫ్యాన్ గాలికే ఒరుగుతుండె.
పీఠం కింద రూపాయిబిళ్ల అంటించిన.

మట్టెవాడల నంబరు ప్లేట్లు రాసే మొగిలి సారే
ఆ బొమ్మలు గీసినాయన అని ఎవరో చెప్పిన్రు.
అగ్గిపెట్టెల దూది పరిచి తీసుకపోయిన.
కండ్లద్దాలు ముక్కు మీదికి జార్చి చూసి
దండం పెట్టలే, మురిసిపోలే.
"దీపం తప్పు" అన్నడు.
"నిటారుగ చూస్తున్నది.
గనిల ఎదురుంగ మనిషొస్తె దీపం కిందికి వంచుతరు,
వాని కండ్లల్ల కొట్టద్దని.
మా బాపు ఇంట్ల బువ్వ తింటప్పుడు సుత తల వంచేటోడు.
ఎవరొస్తున్నరయ్యా అని మా అవ్వ నవ్వేది."
పదిహేనో వారం ఏమైతుండె సారూ, అని అడిగిన.
బ్రష్షు గ్యాసునూనెల ముంచుతనే
"టీఎస్ పోయి టీజీ అయింది,
చేతికింక అలవాటు కాలే" అన్నడు.

ఇంటికొచ్చి బ్లేడుతోటి దీపం ఊడదీసి
వంచి మళ్ల అంటించిన.
ఎనిమిది కొట్టేసి మూడు రాసిన.
ధర తొంభైకి దిగింది.
"గిట్లయితె ఓడిపోతవక్కా."
చూద్దాం తియ్యి.

నాలుగో వంతుల కప్పు కూలింది.
అప్పుడే కరెంటు సుత పోయింది.
నల్లదీపం పీఠం అంచునుంచి టేపు పరిచిన.
నావోళ్లు ఐదుగురు. ముగ్గురు మూడంగుళాల లోపల.
నాలుగోవాని పీఠం సగం లోపల, సగం బయట.
సగానికి నేను రూలు రాయలే.
తిరుమలేష్ ఫోన్ టార్చి ఏసిండు,
నా మొహం మీద పడంగనే కిందికి వంచిండు,
బల్ల మీదికి ఒంగి, శానసేపు చూసి
"లోపలున్నట్టే" అన్నడు.

ఐదోవాడు బయటనే ఉన్నడు.
వాన్ని మెల్లగ పక్కకు పండబెట్టిన.
"నీ పాచికనే" అన్న.