కాళ్లతో తొక్కిన కూర

వరి కోసిన మడిలోనే ఆవ చల్లుతారిక్కడ,
మియావ్‌లీ కొండల కింద.
డిసెంబరుకి ఒక్కో మొక్క చంటిపిల్లంత బరువు.
పొద్దున్నే మొదలంటా నరికి
అక్కడే బోర్లా పడుకోబెడతాం.
ఎండకి కాస్త వాడాలి,
వాడనిది విరుగుతుంది, అంటుంది మా అత్త సున్‌మోయ్.
ఆకు గురించేనా?
వచ్చిన మొదటేడు నాకు హక్కా మాట సగమే తెలిసేది.

సాయంత్రం సిమెంటు తొట్టిలో
ఓ వరస ఆకు, ఓ దోసెడు కళ్లుప్పు, మళ్లీ ఆకు.
"కాళ్లు కడుక్కుని ఎక్కు, ఖ్వెన్.
మడమతో కాదు, మునివేళ్లతో.
కోపముంటే దిగిపో, కాడలు చితుకుతాయి."

కోపముంది. దిగలేదు.
గానుగెద్దులా గుండ్రంగా తిరుగుతూ తొక్కాను.
వేళ్ల సందుల్లోంచి పచ్చటి నీళ్లు లేచి
చీలమండల దాకా వచ్చేసరికి
ఎవరి మీద కోపమో మర్చిపోయాను.
మడమ పగుళ్లలో ఉప్పు మాత్రం గుర్తుంది.

పైన ఏటిరాళ్లు. పదిహేను రోజులు.
పులిసింది కొంత పంది ఎముకల పులుసులోకి,
కొంత వెదురు దండెం మీదికి,
సగం ఆరాక ఖాళీ సారా సీసాల్లోకి.
ఇనప చువ్వతో కూరి కూరి
గాలికి చోటివ్వకుండా
తలకిందులుగా నిలబెడతాం.
మిగిలింది ఎండి, నల్లబడి, పిడికెడు ముడి.
ముక్కు దగ్గర పెట్టుకుని ఏ ఏటిదో చెబుతుంది అత్త.
ఓసారి తప్పింది. ఒప్పుకోలేదు.

మా అమ్మ ఇంత గొడవ పడదు.
మెకాంగ్ పాయ పక్కన, మా బెన్‌చెలో,
ఓ మట్టి జాడీ, బియ్యం కడుగు, చారెడు పంచదార,
నాలుగు ఉల్లికాడలు.
మూడో రోజుకి పసుపు తిరిగి
చేపల పులుసు పక్కన కరకరమంటుంది.
ఆ మాట ఒక్కసారి అన్నాను.
"ఆవకూరలో పంచదారా!" అని
నాలుగిళ్లకి వినబడేలా నవ్వింది.

ఈ ఏడు ఓ మొక్క పక్కన పెట్టుకున్నాను.
వాషింగ్ మెషీన్ వెనక, పాత గాజు జాడీలో,
ఎవరికీ చెప్పకుండా ఊరేశాను.
మూడో రాత్రి చూస్తే ఆకులు పైకి తేలుతున్నాయి.
తేలితే బూజు పడుతుంది, తెలుసు.
తగిన బరువు దొరక్క
అలాగే వదిలేసి పడుకున్నాను.

పొద్దున
జాడీ రెండు వేళ్లు తగ్గి ఉంది.
ఆకుల మీద నున్నగా,
ఉడికించి తుడిచిన
ఓ ఏటిరాయి.

అత్త పెరట్లో సీసాలు కడుగుతోంది,
పళ్ల సందున ఇరుక్కున్న ఉల్లికాడని
నాలుకతో తీసుకుంటూ.