బోరు నీళ్లు

మధురవాడ వచ్చిన మొదటి వారమే
ఇక్కడ నా పప్పులు ఉడకవని తేలిపోయింది.
ఏడు విజిల్స్ వచ్చినా
కందిపప్పు కందిపప్పులాగే ఉంది.

పక్క వాటా రమణాయమ్మ పిట్టగోడ మీంచి అంది:
"బోరు నీళ్లమ్మా.
పప్పుకి టిన్ను నీళ్లు, తలస్నానానికి ఓపిక."

సబ్బు అరుగుతుంది గానీ నురగ రాదు.
ఆరిన జుట్టు కొబ్బరి పీచు.
స్టీలు గ్లాసుల మీద, ఎంత తోమినా,
ఎవరో తాగి వదిలేసిన మబ్బు.

నిన్న సింహాద్రప్పడు గీజరు విప్పాడు.
కాయిల్ చుట్టూ వేలు మందాన తెల్లరాయి.
స్క్రూడ్రైవర్‌తో కొడితే పెచ్చులు పెచ్చులుగా రాలింది.
"కొండ కదండమ్మా,
నీళ్లతో పాటు అదీ వచ్చేస్తంది" అన్నాడు
నాలుగొందల యాభై జేబులో పెట్టుకుంటూ.

బాల్కనీలోంచి అటు చూస్తే సముద్రం గీతలా,
ఇటు కంబాలకొండ.
మధ్యలో ఖాళీ టిన్ను పట్టుకుని
ఆటో కోసం చూస్తూ నేను.

అన్నీ ఊడ్చేశాను. ఒక్క పెచ్చు మాత్రం
పారేయబుద్ధి కాక కిటికీ గట్టు మీద పెట్టాను.
గోరుతో గీస్తే గీత పడలేదు.

మూడేళ్లుగా ఈ ఇంట్లో కాగినవన్నీ
ఆవిరైపోయాయనే అనుకున్నాను.