మార్చి నెల మినిట్స్

హాజరు: ఏడుగురు.
రానివాళ్ళు ఇద్దరు. ఒకరి కారు హైవే పక్కన మంచులో కూరుకుపోయింది,
ఇంకొకరి పిల్లాడికి జ్వరం.
చోటు: లూథరన్ చర్చి నేలమాళిగ.
పియానో మీద ఎవరో మరిచిపోయిన ఊలు చేతితొడుగు,
ఒక్కటే, డిసెంబరు నుంచీ అక్కడే ఉంది.

కోశాధికారి థోర్బెర్గ్ లెక్క చెప్పాడు:
నూటపన్నెండు డాలర్లు, కాస్త చిల్లర.
మే నెల పిల్లల కచేరీకి హాలు అద్దె పోగా
బిస్కెట్లకి మిగులుతుంది, టీకి మిగలదు.
టీ నేను తెస్తానన్నాను. నమోదు చేసుకున్నాను.

పరీక్ష ఫీజు కట్టలేని పిల్లలు ముగ్గురు.
పేర్లు రాయకూడదని తీర్మానం.
ఎవరు కట్టారో కూడా రాయొద్దు, అంది రెమెడియోస్
చేతిసంచి జిప్పు లాగుతూ.
రాయలేదు.

కొత్త సభ్యురాలు డెల్ఫీన్. ఫిడేలు. ఇరవైమూడేళ్ళు.
"ఇద్దరే శిష్యులు, అందులో ఒకడు మా తమ్ముడు"
అని తనే చెప్పి తనే ముందు నవ్వింది.
ఆ నవ్వు ఎక్కడ తెగిందో నాకు వినబడింది.
నాకూ మొదటి ఏడాది ఒక్కడే.
వాడొచ్చేది సెల్లో కోసం కాదు, మా కుక్క కోసం.
ఇది ఎజెండాలో లేదు. లేచి చెప్పేశాను.

ఐదో అంశం, అందరం తప్పించుకు తిరిగేది:
ఏడాదికోసారి పంతుళ్ళే వాయించాలి,
ఒకరి ముందు ఒకరు.
పిల్లలకి రోజూ చెబుతాం కదా,
భయపడకు, ఊపిరి తీసుకో, తప్పు పోతే ఆగకు అని.
చీటీ తీశాం. లూబోమిరా పేరొచ్చింది.

ఆమెకి ఎనభై ఒకటి.
ఈ ఊళ్ళో పియానో ముట్టిన సగం మంది
చేతి మీద ఆమె పెట్టిన నాణెం
కింద పడకుండా వాయించడం నేర్చినవాళ్ళే.
బల్ల ఎత్తు రెండుసార్లు సరిచేసుకుంది.
ఎవరిదో ఆ చేతితొడుగు తీసి ఒళ్ళో పెట్టుకుంది.
వాళ్ళమ్మ ఊరి పాట, నెమ్మది నడక.
మొదటి సగం తడుముకోలేదు.
రెండో సగంలో ఎడమచెయ్యి ఆగింది.
కుడిచెయ్యి నాలుగడుగులు ఒంటరిగా నడిచి
వెనక్కి తిరిగి చూసి
అదీ ఆగింది.

హీటరు టిక్కుటిక్కుమంటోంది.
థోర్బెర్గ్ తన బూట్ల కేసి చూశాడు.
నేను పెన్ను మూత పెట్టాను, తీశాను, పెట్టాను.
పాతిక మందికి ధైర్యం చెప్పగల నోళ్ళు, ఆరు,
ఒక్కటీ పెగల్లేదు.

చివరి కుర్చీలోంచి కూనిరాగం.
డెల్ఫీన్, పెదవి విప్పకుండా, ఎడమచేతి భాగం అందుకుంది.
ఆ పాట ఆ పిల్లకి తెలియదు.
తర్వాత అడిగితే, అటే వెళ్తుందనిపించింది, అంది.
అటు వెళ్ళదు. ఒక స్వరం తప్పు.
"మెట్టు దిగాలి, ఎక్కకూడదు"
అంది లూబోమిరా తల తిప్పకుండానే,
అదే పాత పాఠం గొంతుతో.
అంటూ ఉండగానే చేతికి దారి దొరికింది.

పాట అయ్యాక రెమెడియోస్ సంచిలోంచి
పిల్లల నోటు పుస్తకాల్లో అంటించే బంగారు నక్షత్రాలు తీసింది.
ఒకటి లూబోమిరా మణికట్టు మీద.
లూబోమిరా ఇంకొకటి అడిగి తీసుకుని, నిలువునా చింపి
సగం డెల్ఫీన్ ఫిడేలు పెట్టె మీద అంటించింది.
"తప్పు పాడావు. సగమే."
ఆ వెంటనే, కళ్ళద్దాలు తుడుచుకుంటూ:
"నా దగ్గర ఓ పిల్ల ఉంది, వేళ్ళన్నీ ఫిడేలువే,
పియానోతో అవస్థ పడుతోంది. వాళ్ళమ్మ నంబరు రాసుకో."

ఇతర విషయాలు:
తొమ్మిదింటికి మెట్లెక్కి బయటికొచ్చాం.
చీకట్లో సరస్సు మీద మంచు ఎక్కడో పగిలింది,
పొడుగ్గా, కింది నుంచి కిందికి.
కారు తాళాలు చేత పట్టుకుని ఏడుగురం నిలబడిపోయాం.
అది ఏ స్వరమని వాదన.
తేలలేదు.
వచ్చే నెలకి వాయిదా.