కేసింగ్ అందని లోతు

భీమదేవరపల్లి దాటినంక, తొవ్వ గుట్టకు మర్లిన కాడ
లస్మక్క బీడు చెలుకల
మూడు రోకళ్లను పాతిపెట్టినం.
రోకళ్లంటే రోకళ్లు కావు, రాగితీగ చుట్టిన కాయిళ్లు.
ఒకటి ఉత్తరం తల, ఒకటి తూర్పు తల,
మూడోది నిట్టనిలువుగ.
దాని గుంత నా రొమ్ముదాక వచ్చింది.
అడుగున మొరం తగిలి గడ్డపార కీసుమన్నది.
గుంత తవ్వుడు నా పని. రోజు కైకిలి ఏడు వందలు.

సబిహా మేడం మట్టం బుడగను చూస్కుంట
"ఇంకింత తూర్పుకు" అంటది.
ఇనుము దూరం పెట్టమంటది:
గడ్డపార, బండి తాళాలు, నా నడుముకున్న బెల్టు బిళ్ల.
బెల్టు తీసి తుమ్మకొమ్మకు తగిలేసిన,
ఒక చేత లాగు పట్టుకొని మన్ను పూడ్చిన.

తీగలు నాలుగు దిక్కులకు, యాభై యాభై మీటర్లు.
గాలికి ఊగితే లెక్క చెడిపోతదట,
అడుగడుక్కు ఒక పెడ్డ పెట్టినం
ఆరేసిన చీర ఎగిరిపోకుంట పెట్టినట్టు.
తీగ కొసకు చిన్న మట్టికుండ,
కుండ కింద ఉప్పునీళ్ల బురద.
ఎండిన నేల ఏం చెప్పదు, ముందుగాల తడపాలె.
ఇంచు పోసే ఒక్క బోరు నుంచి
లస్మక్కనే తెచ్చింది రెండు బిందెలు.
"నీళ్లు సూసెటోళ్లకు నీళ్లు నేనే పొయ్యాల్నా"
నవ్విందో, తిట్టిందో.

నాలుగు బోర్లు ఫెయిలు ఆమెకు.
మున్నూట ఎనభై, ఐదొందల ఇరవై...
పిల్లల వయసులు చెప్పినట్టు ఫీట్లు చెప్తది.
ఆఖరి దానికి అరచేతుల కొబ్బరికాయ నిలబడ్డదట.
రిగ్గు లారీ తెల్లార్లు తెల్లటి పిండి పోసిందట
చెట్లకు, బర్రెకు, ఆమె కొప్పుకు.

మేడం చెప్పింది:
మనం కిందికి ఏం పంపం.
సూర్యుని మీదికెళ్లి వీచే గాలి,
ఏడు సముద్రాల అవతల అడవిల పడ్డ పిడుగు,
వాటి వణుకు దానంతటదే మన్నుల దిగుతది.
మనం చెవి పెడతం, గంతే.
వడివడిగ కొట్టుకునేది పైపైనే ఇంకిపోతది.
పావుగంటకొక ఊపిరి తీసేదే
ముప్పై కిలోమీటర్లు పోతది, రాయి కింద రాయి దాటి.
గంపగుత్తకు వడివడిగ తవ్వేటోన్ని,
ఆ మాట నాకు నచ్చలే.

గొడవ మోటర్లతోని.
యాభై మోటర్లు గుంజుతుంటే పిడుగేం వినపడ్తది?
ఓదెలు చెలుకచెలుక తిరిగి బతిమాలిండు:
ఒక్క రాత్రి, పదకొండు నుంచి నాలుగు,
ఆటో స్టార్టర్లు తీసుండ్రి.
వరి పొట్ట మీదున్నది.
పొట్ట మీదున్నదాన్ని ఎండబెడ్తరా అన్నరు ముసలోళ్లు.
ఎవలు కదలలే. లస్మక్క లేచి
తన డబ్బ తెరిచి వైరు ఊడదీసింది.
ఇగ మిగిలినోళ్లు నెత్తి గోక్కుంట పోయిండ్రు.

కారు బ్యాటరీ పక్కన పండుకున్న ఆ రాత్రి.
మోటరు లేని రాత్రి మా దిక్కు ఎట్లుంటదో
పుట్టి బుద్ధెరిగినంక విన్నోన్ని కాదు.
నేలకు చెవి ఆనిచ్చి చూసిన.
నా నెత్తురే వినవడ్డది.

మూడు దాటినంక గుర్రుమన్నది ఒక మోటరు.
పన్నెండు నిమిషాలు. ఆగింది.

పొద్దుగాల ల్యాప్‌టాప్‌ల గీతలు చూపెట్టి
"ఎవరో చెడగొట్టిండ్రు, ఈ ముక్క కోసేస్తా" అన్నది మేడం.
చాయ్ తెచ్చిన లస్మక్క చీర కుచ్చిళ్లకు
పచ్చి బురద.
నేనేం అనలే.

రెండు నెలలకు హన్మకొండ నుంచి బొమ్మ వచ్చింది.
ఇరవై కిలోమీటర్ల కింద ఎర్రటి మరక,
కరెంటు సులువుగ పారే జాగ.
పాత ఉప్పునీళ్లు గావచ్చు, గ్రాఫైటు గావచ్చు, తెల్వది అన్నది మేడం.
అంత సదువుకున్నామె తెల్వదనుడు
అదే మొదలు వినుడు.

ఫోన్ల చూపెట్టిన లస్మక్కకు.
"నీళ్లే అనుకో, గంత లోతుకు కేసింగ్ ఎవడిస్తడు?
మున్నూరు ఫీట్ల కాడ ఏమున్నదో సెప్పు."
అది దీనికి కానరాదన్న.
ఉప్పు పడ్డ నాలుగు జాగలల్ల గడ్డి మొలవలే,
కాలితోని ఒకదాన్ని గీరుకుంట నిలబడ్డది.

"ఆ రాత్రి నా మోటరు... అండ్ల పడ్డదా?"

పడ్డదక్కా.

"ఉండనియ్యి మరి."