వంటింటి తలుపు

ఉద్యోగం మానేసిన తొలి సోమవారం
నాలుగుంపావుకే మెలకువొచ్చింది.
అలారం మోగలేదు.
ఒంట్లో ఇరవై రెండేళ్ల బస్సు
ఇంకా ఇంజను ఆపలేదు, అంతే.
జూలైలో నామ్సోస్ ఆకాశం ఎలాగూ కన్ను మూయదు,
తోడుకి అదుంది.

మా వంటింటి తలుపు పదకొండేళ్లుగా పట్టేస్తోంది.
భుజంతో ఓ తోపు తోసి లోపలికెళ్లడం
మా ఇంట్లో అందరికీ వచ్చిన విద్య.
"ఆదివారం చూస్తా" అనేవాణ్ణి.
ఆదివారం డ్యూటీకి రెట్టింపు జీతం.
ఆ డబ్బుతో ఏం కొన్నామని
మొన్న గున్వోర్‌ని అడిగాను.
తనకీ గుర్తు లేదు.

మంగళవారం బందులు విప్పి
తలుపుని పెరట్లో రెండు స్టూళ్ల మీద పడుకోబెట్టాను.
చిత్రిక పడితే తెలుపు కింద ఆకుపచ్చ,
దాని కింద ఆవపిండి పసుపు,
అడుగున, మాకు ముందెప్పుడో ఈ ఇంట్లో ఉన్న
ఎవరికో ఇష్టమైన నీలం.

తలుపు లేని వంటింట్లోంచి
మా ఆవిడ గొంతు హాల్లోకొచ్చింది.
ఉల్లిపాయలు తరుగుతూ
రేడియోలో వార్తలు చదివే మనిషితో
గున్వోర్ రోజూ పోట్లాడుతుందట.
ఇన్నేళ్లూ గెలుస్తూనే ఉందట.

ఎల్ద్రిద్‌కి పద్నాలుగు.
"రా, చిత్రిక పట్టడం నేర్పిస్తా" అన్నాను,
కానుక చేతిలో పెట్టేవాడిలా.
ఫోను చూసుకుని చెప్పింది:
"గురువారం. ఐదున్నర తర్వాత. అరగంట."

నవ్వొచ్చింది.
కాసేపయ్యాక రాలేదు.

పక్క అద్దంలో ఎంతమందిని చూశానో,
ఒక చేత్తో సంచీ, ఒక చేత్తో టోపీ పట్టుకుని
మంచులో జారుతూ పరిగెత్తుకొచ్చేవాళ్లని.
టైమంటే టైమే. మీట నొక్కేవాణ్ణి.
మూసుకుంటూ బస్సు తలుపు ఓ నిట్టూర్పు విడిచేది,
గాలి ఒత్తిడి అనుకునేవాణ్ణి.
ఇప్పుడు స్టాపులో నేను.
గురువారం ఐదింటికే పెరట్లో నిలబడ్డాను.

ఆరుంపావుకి వచ్చింది. ఆలస్యమైందని అనలేదు.
నేను మాత్రం ప్రయాణికులతో ఎప్పుడన్నానని?
చిత్రిక తన చేతిలో ముందు ఎగిరింది,
తర్వాత కరిచింది, నీలం దాటి చెక్కలోకి ఓ గుంట.
ఆ తర్వాతే పాకింది.
అరగంట అయిందని నేను చెప్పలేదు.
తనూ చూసుకోలేదు.
దోమలే మమ్మల్ని లోపలికి తరిమాయి.

బ్యాంకు నుంచి ఉత్తరమొచ్చింది.
మేకుల డబ్బా కింద పెట్టాను, ఎగరకుండా.

ఆగస్టులో మామగారు ఓస్‌ముండ్ ఫోను చేశాడు.
"నీళ్లు పట్టని బూట్లున్నాయా నీకు?"
ముల్టె పళ్లు కాసే చిత్తడినేల ఎక్కడుందో
ఈ ఊళ్లో ఎవరూ ఎవరికీ చెప్పరు.
అప్పడిగితే ఇస్తారు గానీ అది అడక్కూడదు.
పందొమ్మిదేళ్లుగా అల్లుణ్ణి, నాకూ చెప్పలేదు.
"తీరిక లేనివాడికి దారి చెప్పి ఏం లాభం?"
అన్నాడు, నిష్ఠూరంగా కాదు,
రేపు వానుంది అన్నట్టు.

ముందు ఆయన కర్ర, వెనక ఎల్ద్రిద్, చివర నేను.
అడుగడుగునీ నాచు గట్టిగా పట్టుకుని
కాస్త ఆలోచించి వదిలేది.
కాడకి ఒక్కటే పండు, తేనె రంగులో.
తొందరపడితే వేళ్ల మధ్యే చితికిపోతుంది.
ఎనభై మూడేళ్ల ఆయన బక్కెట్టు నిండింది,
నాది సగం.
తిరుగుదారిలో ఆయన రెండుసార్లు ఆగాడు,
ఒకసారి ఊపిరి కోసం,
ఒకసారి దేనికో చెప్పలేదు.
ఎల్ద్రిద్ ఆయన బక్కెట్టు కూడా అందుకుంది.

పళ్లు ఏరడానికి బల్ల చాల్లేదు.
పెరట్లో తలుపు మీదే పాత దుప్పటి పరిచి పోశాం.
ఎల్ద్రిద్ చెక్కిన గుంట దగ్గర దుప్పటి కుంగి
నాలుగు పళ్లు అటే దొర్లాయి.
"ఇంతకీ ఇది బిగించేదెప్పుడు?" అంది గున్వోర్.
"ఆదివారం చూస్తా."

లోపల రేడియో మనిషి ఏదో అన్నాడు.
గున్వోర్ ఇక్కణ్ణుంచే జవాబిచ్చింది.