మబ్బు చీటీ

ఆకివీడు రైలు గేటు దాటాక
మేత బస్తాల గోడౌను మీద మా ల్యాబు.
పొద్దున్నే రైతులు
సీసాల్లో చెరువుల్ని పట్టుకొస్తారు.
ఉప్పెంత, అమ్మోనియా ఎంత, ఊపిరెంత,
రాసిచ్చేది మేం నలుగురం:
నేను, మావుళ్ళు, ఎస్తేరు, రజియా.

మబ్బు పట్టిందంటే మాకు దడ.
ఎండ లేని రోజు నీళ్ళలో ఆక్సిజన్ దిగిపోతుంది.
తెల్లారగట్ల రొయ్య తల పైకెత్తుతుంది,
ఫోను మోగుతుంది:
"ఆయ్, ఇంకో రెండు ఏరియేటర్లు తిప్పమంటారా అండి?"
అలాంటి మాకు
కంప్యూటర్ల లోకంలో ఇంకో మబ్బుందని చెప్పింది ఎస్తేరు.
దాని పరీక్ష పాసైతే
సీసాలు కడిగే పని తప్పుతుందంది.

ఫీజు చూసి రజియా
ఫోను బల్ల మీద బోర్లించింది.
మా నెల జీతంలో ముప్పాతిక!
తప్పామా, పైసా వెనక్కి రాదు.
రొయ్యపిల్లే నయం,
సగం చచ్చినా సగం మిగుల్తుంది.

అందుకని చీటీ వేశాం.
నెలకి తలా పన్నెండొందలు.
పాట లేదు, తరుగు లేదు,
ఖాళీ సాంపిల్ సీసాలో నాలుగు కాగితం ముక్కలు.
ఎవరి పేరొస్తే వాళ్ళదే ఆ నెల మబ్బు.

కొల్లేటి బొమ్మిడాయిల బుట్ట దగ్గర
బేరమాడి పెరిగిన నోళ్ళు మావి.
ఉచిత క్లాసు ఆఖరిదాకా వింటే
సగం ధర కూపనిస్తారని తెలిసి
ఎనిమిది గంటలూ విన్నాం,
బ్యూరెట్ కింద నీలం పోయేదాకా
చుక్కలు లెక్కపెట్టుకుంటూ.
కూపను గడువు
మందు సీసా ఎక్స్‌పైరీలా గోడ మీద రాసుకున్నాం.
అసలు ప్రశ్నలే అమ్ముతానన్నవాడికి
రజియా ఒకటే మాట చెప్పింది:
"కల్తీ సాంపిల్ తీసుకోమండి."
కూపను పోను యాభై మిగిలితే
మిరపకాయ బజ్జీలు తిన్నాం.

మొదటి పేరు మావుళ్ళుది.
విజయవాడ హాల్లో చేతిగాజులు కూడా తీయించారట.
ఏడొందలు రావాలి,
ఆరొందల ఎనభై ఒకటి వచ్చాయి.
తిరుగు రైలు ఉప్పుటేరు వంతెన మీదుండగా ఫోను చేసింది.
ఏడవలేదు.
"ఎన్ని చెరువులొచ్చాయే ఇవాళ?" అంది.

సాయంత్రం రొయ్య రేట్లొస్తాయి:
ముప్పై కౌంటు ఇంత, వంద కౌంటు ఇంత.
ఆ కాగితాన్నే వెనక్కి తిప్పి
ఊళ్ళ రేట్లు రాశాం.
బెంగళూరు: జీతం పెద్ద కౌంటే,
హాస్టలు తోకతో సహా తినేస్తుంది.
హైదరాబాదు: ఒక్క కుర్చీకి సంతంత జనం.
పూణే: భాషో? అని మేమంటే
"నాకొచ్చుగా" అని రజియా నవ్వింది.
మాలో ఎవరూ చూడని కోయంబత్తూరులో
సగం జీతం మిగుల్తుందని మా లెక్క.
విశాఖ ఎదురుగా ఒక ప్రశ్నార్థకం.
ఎస్తేరు దాన్ని రోజూ పెన్నుతో దిద్దుతుంది,
కాగితం చిల్లి పడేలా.

"రేటున్న ఊరు కాదే,
మిగులున్న ఊరు చూడాలి" అంది మావుళ్ళు.
దానికి తెలుసు.
నాలుగు పంటలు వరసగా తెల్లమచ్చ తినేస్తే
వాళ్ళ నాన్న చెరువు గట్టు మీద కూర్చుని
రేటు మాత్రం బాగుందన్నాడట.

రెండో నెల ముక్క నేను తీశాను.
దాని మీద నా పేరే ఉంది.
"మావుళ్ళు" అని చదివాను.
రజియా నా చేతిలోకి తొంగి చూసి
కాగితం తీసుకుని నోట్లో వేసుకుంది,
వక్కపలుకంత మామూలుగా.
ఎందుకో ఇప్పటికీ అడగలేదు.

ఆ రాత్రి రెండు దాటాక
అసలు మబ్బే కమ్మింది, కొల్లేటి వైపునుంచి.
చెరువు గట్టు మీద మావుళ్ళు
ఒక చేత్తో మీటరు వైరు నీళ్ళలోకి దించి
ఇంకో చేత్తో ఫోనులో నమూనా ప్రశ్నలు జరుపుతోంది.
"మూడు పాయింట్ ఒకటండీ!" అని గట్టిగా అరిచింది.
రైతు స్విచ్చి దగ్గరికి పరిగెత్తాడు.
చక్రాలు నీళ్ళని కొట్టడం మొదలెట్టాక
"జవాబు సి" అంది,
మెల్లగా, ఎవరితోనూ కాదు.