కురచ దుప్పటి

కోకాపేట. పదకొండో అంతస్తు.
గోడలు ఇంకా లేవలేదు. గండిపేట వైపు నుంచి
తడిగాలి వచ్చి హెల్మెట్ కింద దూరుతోంది.

తలెత్తితే ఉక్కు దూలం.
కప్పు కింద కాదు, కప్పులోనే పడుకుంది
మూడు వైపులా కాంక్రీటు కప్పుకుని
అరికాలు మాత్రం బయటపెట్టి,
సిమెంటు బస్తాల పక్కన కునుకు తీసే మేస్త్రీలా.

దుప్పటి ఉన్నంతే కాళ్లు చాపుకోమంటారు.
ఉక్కు కాళ్లు ముడుచుకోలేదు.

నా పని ఆ అరికాలితోనే.
తెల్లరంగు పూసిన ఆ అడుగుకి
గేజీ ఆనిస్తే నాలుగు వందల పది.
కావలసింది తొమ్మిది వందలు.
ఇంకోచోట మూడు వందల ఎనభై.
స్తంభం పక్కన, చెయ్యి తిరగని మూలలో
నూట ఇరవై.

"కింద ఫాల్స్ సీలింగ్ వస్తది మేడం,
గా మైక్రాన్లు ఎవలు చూస్తరు?"
కాంట్రాక్టరు వీరమల్లు నవ్వాడు.
"పైనంతా సిమెంటే. ఇనుము కాలుతదా?"

కాలదు వీరమల్లూ, అదే దాంతో చిక్కు.
కట్టె అయితే చిటపటమంటూ చెప్పి కాలుతుంది.
ఇనుము ఏమీ చెప్పదు.
ఐదు వందల యాభై డిగ్రీల దగ్గర
దాదాపు సగం బలం వదిలేసి
నెమ్మదిగా నడుం వంచుతుంది.

ఖయ్యూం భాయ్ మాట్లాడలేదు.
స్ప్రే గన్ మూతిని థిన్నర్లో కడుగుతున్నాడు.
నిన్న ఇదే రంగు ఒక ఇనప ముక్కకి పూసి
కుర్రాళ్ల ముందు గ్యాస్ మంట పెట్టాడు.
గోరు మందం పూత
పెనం మీద జొన్నరొట్టెలా ఉబ్బి
నల్లటి నురగై, పిడికెడు మందాన నిలబడింది.
వెనకవైపు వేలు ఆనించి
"దేఖో, ఇంకా గోరువెచ్చనే" అన్నాడు,
సొంత కొడుకు పాసయినంత సంబరంగా.

మళ్లీ రెండు కోట్లు, అని రాశాను.
"రూపాయలా?" అన్నాడు వీరమల్లు.
ఈసారి నవ్వలేదు.

ఇంతా చేస్తే దక్కేది రెండు గంటలు.
రెండు గంటల్లో
మోకాళ్ల నొప్పుల మనిషి కూడా
మెట్టు మెట్టుకీ ఆగి పదకొండు అంతస్తులు దిగొచ్చు,
టిఫిన్ డబ్బా మర్చిపోయానని
వెనక్కి వెళ్లకపోతే.

సోమవారం జిప్సం పలకలు ఎక్కిస్తారు.
ఆ తర్వాత ఈ అరికాలు ఎవరి కంటా పడదు.
పడకూడదు కూడా.

ఖయ్యూం భాయ్ నిచ్చెన జరుపుకుని
ఆ నూట ఇరవై మూలలోకి
మెడ వంచి, చెయ్యి తిప్పి చూస్తున్నాడు,
ఎటు నుంచి అందుతుందా అని.